మాట మారవచ్చును, కొలత మారరాదు

పసిబిడ్డకు నీళ్ల విరేచనములు పట్టుకొన్నపుడు ఇంటిలో తలకొక మాట వినవచ్చును. "త్రాగినదంతయు పోవుచునే యున్నది, ఇక నీళ్లు మాన్పింపుము" అని పెద్దలు చెప్పుట కలదు. ప్రేమతో చెప్పిన మాటయే యైనను అది బిడ్డకు ముప్పు తెచ్చును. విరేచనములతో దేహమందలి నీరును లవణములును వెడలిపోవును. వానిని వెంటవెంటనే భర్తీ చేయనిచో కొద్ది గంటలలోనే ప్రాణాపాయము కలుగవచ్చును. ఈ సంగతి తెలిసియుండుట చాలదు. ఎవరికి ఏ విధముగా చెప్పవలెనో కూడ తెలియవలెను.

లవణములు కలిపిన నీరు ప్రాణము నిలుపునని 1971లో పశ్చిమ బెంగాలునందలి బన్‌గావ్ శరణార్థి శిబిరమున రుజువైనది. కలరా చెలరేగి, సూదితో ఎక్కించు సెలైన్ చాలనపుడు, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని రోగుల బంధువులచేతనే త్రాగింపించిరి. నూటికి 30 వరకు ఉండిన మరణములు 4కు లోబడినవి.

ఈ విషయమును ఇంటింటికి చేర్చుటకు బంగ్లాదేశ్‌లో బ్రాక్ అను సంస్థ 1980 మొదలు 1990 వరకు కృషిచేసెను. దాని స్త్రీ కార్యకర్తలు కోటి ఇరువది లక్షలకు పైగా ఇండ్లకు వెళ్లిరి. వారు తల్లులకు శాస్త్రపదములు చెప్పలేదు. మూడు వ్రేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము, అరసేరు నీరు: ఇంతియే చెప్పిరి. చదువురాని తల్లికి తన చేయియే కొలపాత్ర యయ్యెను. తరువాత వేరొకరు వచ్చి కొందరు తల్లులను పరీక్షించెడివారు. తల్లికి ఎంత జ్ఞాపకమున్నదో దానినిబట్టి కార్యకర్తకు వేతనము లభించెను. అయినను నేర్చిన తల్లులందరును దానిని వాడలేదు; ఇంటి పురుషులకు నమ్మకము కలుగలేదు. అంతట కార్యకర్తలు బజారులలో, మసీదులలో, పాఠశాలలలో పురుషులతోను పిల్లలతోను మాటలాడ నారంభించిరి.

నేడు మనకు ఓఆర్ఎస్ పొట్లము సులభముగా దొరకును. ఆశా కార్యకర్తవద్దను, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములోను అడుగవచ్చును. దానిని గురించి చెప్పునపుడు ఎదుటివారి నెరిగి మాటలాడవలెను. అత్తగారిని ఖండించుట తగదు. "అత్తయ్యా, వాడిన తీగకు నీరు పోయుదుము గదా, బిడ్డకును అంతే" అన్నచో ఆమె అనుభవమే ఆమెకు బోధించును. భర్తకు పొట్లము ఎక్కడ లభించునో, ఏ లక్షణము కనబడినచో ఆసుపత్రికి పరుగెత్తవలెనో చెప్పవలెను. బడిలో ఉపాధ్యాయుడు చిల్లుకుండలో నీరు పోసి చూపవచ్చును: కారుచున్నదని పోయుట మానినచో కుండ వట్టిపోవును. చూచిన పిల్లవాడు సాయంకాలము ఇంటికి పోయి నాయనమ్మకు తానే చెప్పును.

మాట ఎన్ని విధముల మారినను ఈ క్రిందివి మారరాదు. ఒక లీటరు నీటికని ముద్రించిన పొట్లమును పూర్తిగా ఒక లీటరు శుభ్రమైన నీటిలోనే కలుపవలెను. సగము సగముగా కలుపరాదు. కలిపిన నీటిని 24 గంటలలో వాడి, మిగిలినది పారబోయవలెను. తల్లిపాలు, ఆహారము మాన్పరాదు. జింకు మాత్రలను ఆరోగ్య కార్యకర్త చెప్పిన మోతాదున 14 దినములు ఇయ్యవలెను. బిడ్డ త్రాగలేకపోయినను, మగతగా నున్నను, కన్నులు లోతుకు పోయినను, మలములో రక్తము పడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

చెప్పుట ముగిసిన పిమ్మట "తెలిసినదా?" అని అడుగుట చాలదు, మొగమాటముచేత ఎవరైనను తెలిసినదనియే అందురు. "ఎట్లు కలుపుదువో ఒకసారి చూపుమమ్మా" అని అడుగవలెను. విన్నవారి చేతిలో కొలత సరిగా కుదిరిననాడే చెప్పినవారి మాట ఫలించినట్లు.