నిన్నటి చికెన్, ఈ రాత్రి గ్రీకు భోజనం: అపోహలు – వాస్తవాలు

ఆదివారం వండిన చికెన్ కొంత మిగిలి ఫ్రిజ్‌లో ఉంటుంది. సోమవారం సాయంత్రం పని ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఉండదు. అలాంటి రోజుకు గ్రీకుల ఇంటివంట బాగా అక్కరకొస్తుంది. నిమ్మరసం, ఆలివ్ నూనె, పెరుగు, వెల్లుల్లి, ఎండు ఒరెగానో ఉంటే అరగంటలో భోజనం సిద్ధం. అయినా చాలామంది వెనకాడతారు. మిగిలిన మాంసం తినొచ్చా అన్న భయం ఒకటి, గ్రీకు వంట మనకెక్కడ కుదురుతుందన్న సందేహం మరొకటి. ఆ రెంటి చుట్టూ అల్లుకున్న అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: గ్రీకు భోజనమంటే పళ్లెం నిండా మాంసమే. మిగిలిన గుప్పెడు చికెన్ ఏ మూలకు?

వాస్తవం: వీధి దుకాణాల్లో చువ్వకు గుచ్చి కాల్చే గీరో, సువ్లాకీలను చూసి ఏర్పడిన అభిప్రాయమిది. వాటిలో కూడా గ్రీసులో ఎక్కువగా వాడేది పంది మాంసం. ఇళ్లలో వండేది వేరు. చిక్కుడు గింజలు, శనగలు, వంకాయ, బెండకాయ, ఆకుకూరలు ఆలివ్ నూనెలో మగ్గించుకుని తింటారు. ఆర్థడాక్స్ చర్చి ఉపవాస నియమాలను పూర్తిగా పాటించేవారు ఏడాదిలో దాదాపు సగం రోజులు మాంసం ముట్టరు. ఆహారపు అలవాట్లపై 1958లో మొదలైన ‘ఏడు దేశాల అధ్యయనం’ పరిశీలించిన క్రీట్ దీవి గ్రామీణుల భోజనంలో మాంసం చాలా తక్కువ. కాబట్టి నలుగురికి రెండు కప్పుల చికెన్ ముక్కలు చాలు. మిగతా కడుపు కూరగాయలు, శనగలు, అన్నం, రొట్టె నింపుతాయి.

అపోహ: ఏ చికెన్ మిగిలినా ఈ వంటలకు పనికొస్తుంది.

వాస్తవం: ధనియాలు, గసగసాలు, గరం మసాలా పట్టిన కోడికూర ముక్కల మీద నిమ్మకాయ పిండితే అది అటూ ఇటూ కాకుండా పోతుంది. కూరను మర్నాడు కూరగానే తినడం మేలు. ఉప్పు, మిరియాలతో ఉడికించిన చికెన్, ఓవెన్‌లో కాల్చినది, అమెరికాలో మనవాళ్లు సూపర్ మార్కెట్ నుంచి తెచ్చుకునే రోటిసరీ చికెన్ దీనికి తగినవి. మసాలా పలుచగా పట్టించిన తందూరీ కూడా పెరుగుతో బాగానే కలుస్తుంది. ఎముకలు పారేయకండి. ఉల్లిపాయ, క్యారెట్, నాలుగు మిరియాలు వేసి గంటసేపు సన్నసెగ మీద మరిగించి వడకడితే సూప్‌కు చక్కటి రసం దిగుతుంది.

అపోహ: వండిన చికెన్‌ను మళ్లీ వేడిచేస్తే విషమవుతుంది.

వాస్తవం: వేడిచేసినంత మాత్రాన మాంసంలోని ప్రోటీన్ విషంగా మారదు. మారేది రుచి. నిల్వ ఉన్నప్పుడు కొవ్వు ఆక్సిజన్‌తో చర్య జరపడం వల్ల ఒక రకమైన పాత వాసన పుడుతుంది. నిమ్మ, వెల్లుల్లి, ఒరెగానో ఘాటు ముందు అది పెద్దగా తెలియదు. అసలు ప్రమాదం వండిన తర్వాత గిన్నె బయట ఎంతసేపు ఉందన్న దాంట్లో ఉంది. 4 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. అందుకే వండిన రెండు గంటల్లోపు చికెన్ ఫ్రిజ్‌లోకి చేరాలి. గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. మన ఎండాకాలం వంటింటికి ఈ గంట లెక్కే వర్తిస్తుంది. 4 డిగ్రీలు, అంతకన్నా చల్లగా ఉండే ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిల్వ ఉంటుంది. కరెంటు పోతే తలుపు తెరవకుండా ఉంచండి. సుమారు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది.

అపోహ: పూర్తిగా చల్లారాకే ఫ్రిజ్‌లో పెట్టాలి.

వాస్తవం: ఇలా చల్లారబెడుతూనే చాలా ఇళ్లలో రెండు గంటల గడువు దాటిపోతుంది. పెద్ద గిన్నెను పొగలు కక్కుతుండగా లోపల పెట్టమని కాదు. చికెన్‌ను ఎముకల నుంచి విడదీసి, లోతు తక్కువగా ఉన్న రెండు మూడు డబ్బాల్లో పరిస్తే త్వరగా వేడి తగ్గుతుంది. గోరువెచ్చగా ఉన్నా పెట్టేయొచ్చు. ముక్కలు ముందే విడదీసి ఉంటే మర్నాడు సగం పని తగ్గుతుంది కూడా.

అపోహ: వాసన బాగుంటే తినొచ్చు. అనుమానంగా ఉంటే ఇంకాస్త మరిగిస్తే సరి.

వాస్తవం: ఆహారాన్ని కుళ్లబెట్టి వాసన తెచ్చే సూక్ష్మజీవులు వేరు, జబ్బు తెచ్చేవి వేరు. రెండో రకం ఉన్నా రంగు, వాసన మారకపోవచ్చు. మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది గానీ, స్టాఫైలోకాకస్ ఆరియస్ వంటివి అప్పటికే వదిలిన విషపదార్థం వేడికి పోదు. రాత్రంతా బయట ఉన్న అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్‌దీ అదే తంతు. అందుకని ముక్కును కాదు, గడియారాన్ని నమ్మండి. సకాలంలో ఫ్రిజ్‌లో పెట్టిన చికెన్‌ను సలాడ్‌లో, రొట్టెలో చల్లగానే తినొచ్చు. వేడిచేస్తే మాత్రం ముక్క లోపలి దాకా 74 డిగ్రీలు చేరాలి.

అపోహ: ఎండిపోయిన ముక్కలను పెరుగు, నిమ్మరసంలో రాత్రంతా నానబెడితే మెత్తబడతాయి.

వాస్తవం: ఊరబెట్టడం పచ్చి మాంసానికి చేసే పని. ఉడికిన ముక్కలో ప్రోటీన్లు అప్పటికే బిగుసుకుని ఉంటాయి. పులుపు పైపైన అంటుకుంటుందే తప్ప పోయిన తేమను తిరిగి తేలేదు. చేయాల్సిందల్లా మళ్లీ ఉడికించకుండా చూడటం. ఉల్లిపాయలు, టమాటాలు, శనగలు ముందు మగ్గనిచ్చి, చికెన్‌ను ఆఖరున వేసి, మూతపెట్టి ఆవిర్లు వచ్చేదాకా ఉంచితే చాలు. మూడు వంతుల ఆలివ్ నూనె, ఒక వంతు నిమ్మరసం, ఒరెగానో, ఉప్పు గిలకొట్టి, దించాక పైన పోయండి. రొమ్ము ముక్కలకు ఈ తడి మరీ అవసరం.

అపోహ: గ్రీకు పెరుగు డబ్బా కొనందే జాజికీ (కీరా కలిపిన పెరుగు) కుదరదు.

వాస్తవం: గ్రీకు పెరుగంటే వడకట్టిన పెరుగే. పలుచని గుడ్డలో ఇంటి పెరుగు మూటకట్టి, జల్లెడలో ఉంచి, కింద గిన్నె పెట్టి మూడు నాలుగు గంటలు ఫ్రిజ్‌లో వదిలేస్తే గట్టిపడుతుంది. మన కీరా పెరుగు పచ్చడి చేసే చేతికి జాజికీ కొత్తేమీ కాదు. తేడా రెండు చోట్లే: ఇందులో తాలింపు ఉండదు, కీరాలో నీరు ఉండకూడదు. కీరా తురిమి, ఉప్పు చల్లి, పది నిమిషాలాగి గట్టిగా పిండేయాలి. కప్పు పెరుగుకు ఒక కీరా, ఒక వెల్లుల్లి రెబ్బ నూరింది, చెంచా ఆలివ్ నూనె, నాలుగు చుక్కల వెనిగర్, కొద్దిగా సోయకూర లేదా పుదీనా. గీరోకు వాడే పిటా మధ్యలో సంచీలా తెరుచుకోదు, చుట్టుకునే రొట్టె. కాబట్టి చపాతీలో జాజికీ రాసి, చికెన్, టమాటా, ఉల్లిపాయ చీలికలు పెట్టి చుట్టినా పని జరుగుతుంది.

అపోహ: వేడి సూప్‌లో గుడ్డు, నిమ్మరసం కలిపితే విరిగిపోతుంది.

వాస్తవం: తొందరపడితేనే విరుగుతుంది. అవ్గోలెమోనో అనే ఈ సూప్ గ్రీకు ఇళ్లలో ఎన్నాళ్లుగానో ఉన్నదే. లీటరు చికెన్ రసంలో అరకప్పు బియ్యం మెత్తగా ఉడికించి, రెండు కప్పుల చికెన్ వేసి బాగా మరిగించండి. ముక్కలు వేడెక్కాల్సింది గుడ్డు కలపకముందే. స్టవ్ కట్టేసి రెండు నిమిషాలు ఆగండి. వేరే గిన్నెలో రెండు గుడ్లు నురగ వచ్చేలా గిలకొట్టి, మూడు టేబుల్ స్పూన్ల నిమ్మరసం కలపాలి. గిలకొడుతూనే వేడి రసం గరిటెడు గరిటెడు చొప్పున మూడు నాలుగు సార్లు సన్నధారగా పోయాలి. గుడ్డు అలా మెల్లగా వేడెక్కుతుంది. గడ్డకట్టే అవకాశం ఉండదు. అప్పుడు దాన్నంతా సూప్‌లోకి వంచి, సన్నసెగ మీద చిక్కబడేదాకా కలపాలి. మరగనివ్వకూడదు. ఆ పూటే తినేయడం మంచిది.

అపోహ: ఆలివ్ నూనె వేడిచేయకూడదు, పైన చల్లుకోవడానికే.

వాస్తవం: గ్రీకులు వేయించేదీ, మగ్గించేదీ ఆ నూనెతోనే. ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె పొగలు రావడం మొదలయ్యేది సుమారు 190 డిగ్రీలు దాటాక. రోజువారీ మగ్గింపుకు అంత వేడి అక్కర్లేదు. ఖరీదైనది కాబట్టి వంటకు కొంచెం, చివర పైన కొంచెం వాడుకోండి.

అపోహ: ఏ తెల్ల చీజ్ అయినా ఫెటానే, దాన్ని లెట్యూస్ మీద చల్లితే గ్రీక్ సలాడ్.

వాస్తవం: 2002 నుంచి ఐరోపా సమాఖ్యలో ఫెటా పేరుకు చట్టరక్షణ ఉంది. గ్రీసులోని నిర్ణీత ప్రాంతాల్లో, కనీసం 70 శాతం గొర్రె పాలు, మిగిలింది మేకపాలతో చేసి, కనీసం రెండు నెలలు ఊరనిచ్చిందే ఫెటా. ఆవుపాలకు చోటు లేదు. ఊళ్లో దొరక్కపోతే పనీర్ చిదిమి ఉప్పు, నిమ్మరసం కలుపుకోండి. రుచి వేరైనా తినడానికి బాగుంటుంది. ఇక గ్రీసు పల్లె సలాడ్‌లో టమాటా, కీరా, ఉల్లిపాయ, ఆలివ్‌లు, ఫెటా ఉంటాయి, లెట్యూస్ ఉండదు. దానిలో చికెన్ కలపడం మన వెసులుబాటు. ఫెటా, ఆలివ్‌లు ఉప్పగా ఉంటాయి, రోటిసరీ చికెన్‌లోనూ ఉప్పు ఎక్కువే. రుచి చూశాకే ఉప్పు వేయండి.

మొత్తం మీద గ్రీకు రుచి ఖరీదైన సరుకుల్లో లేదు, ఆఖరున పిండే నిమ్మకాయలో, పైన పోసే నూనెలో ఉంది. ఈసారి చికెన్ మిగిలితే డబ్బా మీద తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. మొదటి రోజు సూప్, మర్నాడు జాజికీతో రొట్టె చుట్ట చేసుకోండి. నాలుగో రోజు దాటితే మాత్రం ఎంత బాగా కనిపించినా పారేయండి.