బిళ్ళ చేతిలో, డబ్బు పుస్తకంలో

రండర్రా పిల్లలూ, ఆ ఫోన్లు కాసేపు పక్కన పెట్టి ఇలా అరుగు మీద కూర్చోండి. పెద్దాడు పొద్దున్నుంచీ నన్ను వదలడం లేదు. పేపర్లో బిట్‌కాయిన్ గురించి ఎప్పుడు రాసినా పక్కనే బంగారు రంగులో మెరిసే బిళ్ళ బొమ్మ ఒకటి వేస్తారు, ఆ బిళ్ళ ఏ బ్యాంకులో ఇస్తారు తాతయ్యా అని వాడి ప్రశ్న. ఏ బ్యాంకులోనూ ఇవ్వరు నాన్నా. బిట్‌కాయిన్‌కి రూపం లేదు, బరువు లేదు, జేబులో వేసుకుంటే గలగలమనదు. అదొక పెద్ద ఖాతా పుస్తకంలో రాసిన అంకె, అంతే. కానీ రూపం లేని ఆ డబ్బుని నిజంగానే ఇత్తడి బిళ్ళలో పెట్టి అమ్మిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన కథ చెప్పుకుంటే బిట్‌కాయిన్ సంగతి దానంతటదే తెలిసిపోతుంది. అందుకే నాకా బిళ్ళలంటే అంత ఇష్టం.

ఆయన పేరు మైక్ కాల్డ్‌వెల్. అమెరికాలో యూటా రాష్ట్రంలో శాండీ అనే ఊరు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసుకునే మనిషి. ఆయన ఈ బిళ్ళల పనికి దిగేనాటికి బిట్‌కాయిన్ ఇంకా పాలు తాగే పసిబిడ్డ. సతోషి నకమోటో అన్న పేరుతో ఎవరో 2008 అక్టోబరు 31న తొమ్మిది పేజీల వ్యాసం ఒకటి బయటపెట్టారు. 2009 జనవరి 3న ఆ ఖాతా పుస్తకంలో మొదటి పేజీ పడింది. ఆ సతోషి ఒక మనిషో, నలుగురు కలిసి పెట్టుకున్న పేరో ఇవాళ్టికీ తేలలేదు. 2010 మే 22న ఫ్లోరిడాలో ఒకాయన రెండు పిజ్జాల కోసం 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చాడు. అప్పట్లో దాని విలువ అది. 2011 ఫిబ్రవరికి ఒక బిట్‌కాయిన్ ఒక డాలరుకి చేరింది. ఆ ఏడాదే కాల్డ్‌వెల్ 'కసాసియస్' పేరుతో ఇత్తడి బిళ్ళలు తయారుచేయించి అమ్మడం మొదలుపెట్టాడు. చేతిలో పెట్టి చూపించడానికి ఏదో ఒకటి ఉంటే తప్ప మామూలు మనుషులకి ఇలాంటి సంగతి ఎక్కదని ఆయనకి తెలుసు. పాఠం చెప్పేవాళ్ళందరికీ తెలిసిన కిటుకే అది.

బిళ్ళ దాదాపు మన పది రూపాయల నాణెమంత ఉంటుంది. వెనక వైపు గుండ్రటి హోలోగ్రామ్ స్టిక్కరు అంటించి ఉంటుంది. దాని కింద చిన్న కాగితం ముక్క. ఆ కాగితం మీద సన్నటి అక్షరాలూ అంకెలూ కలిపి ఒక వరస. పుస్తకంలోని డబ్బుకి తాళంచెవి ఆ వరసే. ఇత్తడి కాదు, మెరుపు కాదు.

ఒక వరస తాళంచెవి ఎలా అవుతుందంటారా? రాత్రి అన్నాలయ్యాక ఒక రూపాయి బిళ్ళ తీసుకుని 256 సార్లు ఎగరేయండి. బొమ్మ పడితే 1, బొరుసు పడితే 0 అని వరసగా రాసుకుంటూ పోండి. చివరికి మీ దగ్గర మిగిలేదే ఒక బిట్‌కాయిన్ తాళంచెవి. మామూలు అంకెల్లో రాస్తే 77, 78 అంకెలుండే సంఖ్య అది. మళ్ళీ ఇంకెవరో ఎక్కడో కూర్చుని బిళ్ళ ఎగరేస్తే అచ్చంగా మీ వరసే పడుతుందా అని చిన్నది అడుగుతోంది. పడదు తల్లీ. లోకంలో ఉన్న వాళ్ళంతా పుట్టినప్పటి నుంచీ పోయేదాకా బిళ్ళలు ఎగరేస్తూ కూర్చున్నా పడదు. గణితం చేసే రక్షణ అంటే ఇది. ఇనప్పెట్టె అక్కర్లేదు, కాపలావాడు అక్కర్లేదు, పెద్ద సంఖ్య ఒకటి చాలు.

ఇప్పుడు అమ్మమ్మ మినప్పప్పు రుబ్బడం చూశారు కదా. పప్పు రోట్లో వేసి తిప్పితే పిండి వస్తుంది. పిండిని ఎంత తిప్పినా పప్పు తిరిగి రాదు. తాళంచెవిని కూడా ఇలాగే గణితపు రోట్లో వేసి రెండు మూడు వాయిలు రుబ్బుతారు. వచ్చిన పిండి పేరు చిరునామా. చిరునామా ఎవరికైనా చెప్పొచ్చు, గోడ మీద రాసినా నష్టం లేదు. దాన్నుంచి తాళంచెవిని వెనక్కి లాగడం ఎవరి తరమూ కాదు. ఈ రోలుకి ఇంకో గుణం ఉంది. పప్పులో ఒక్క గింజ మారినా పిండి మొత్తం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఖాతా పుస్తకం ఈ గుణం మీదే నిలబడింది. సుమారు పది నిమిషాలకొక కొత్త పేజీ పడుతుంది. ఏ చిరునామా నుంచి ఏ చిరునామాకి ఎంత వెళ్ళిందో అందులో ఉంటుంది. ముందు పేజీ పిండిలోంచి పిడికెడు తీసి కొత్త పేజీలో కలిపి రుబ్బుతారు. అందుకని ఎవడైనా దొంగ పాత పేజీలో ఒక్క అంకె మార్చాడా, ఆ తరవాతి పేజీల పిండంతా చెడిపోతుంది, నలుగురికీ తెలిసిపోతుంది. ఆ పుస్తకం నకళ్ళు లోకమంతా వేల కంప్యూటర్లలో ఉన్నాయి. కరణంగారి ఇంట్లో ఒక్కటే పుస్తకం ఉండే కాలం కాదిది. నేను ఎన్నో లెక్కలు చూశాను గానీ, ఎవరినీ నమ్మక్కర్లేకుండా అందరూ ఒప్పుకునే లెక్క రాయొచ్చని చూపించిన ఈ ఆలోచన దగ్గర మాత్రం మనసు ఆగిపోతుంది.

సరే, మన ఇత్తడి బిళ్ళ దగ్గరికి వద్దాం. కాల్డ్‌వెల్ చిరునామాలో మొదటి ఎనిమిది అక్షరాలని బిళ్ళ బయటికి కనపడేట్టు ఉంచాడు. ఆ ఎనిమిదింటితో ఖాతా పుస్తకంలో వెతికితే లోపల డబ్బుందో లేదో స్టిక్కరు ముట్టుకోకుండానే తెలుస్తుంది. డబ్బు వాడుకోవాలంటే మాత్రం స్టిక్కరు పీకాలి. పీకగానే తేనెపట్టు గళ్ళ మచ్చ పడుతుంది. అది మళ్ళీ పోదు. లోపలి వరస కంప్యూటర్లో కొట్టి డబ్బుని వేరే చిరునామాకి మార్చుకున్నాక మీ చేతిలో మిగిలేది ఉత్త ఇత్తడి.

వెయ్యి బిట్‌కాయిన్ల బిళ్ళ దాకా రకరకాల విలువల్లో చేశాడాయన. వంద బిట్‌కాయిన్లకి బంగారు పూత కడ్డీ కూడా ఉంది. మొదటి విడత హోలోగ్రాముల మీద పేరే తప్పు పడింది, 'కసాసియస్' స్పెల్లింగులో ఒక అక్షరం ఎగిరిపోయింది. ఇప్పుడు సేకరించేవాళ్ళు ఆ తప్పుబిళ్ళల కోసమే ఎగబడతారు. నాణేల లోకంలో ఇది పాత ఆచారమే, తపాలా బిళ్ళల్లోనూ అంతే. అచ్చు తప్పిందంటే అరుదైనదని అర్థం.

పెద్దాడి మొహం చూస్తే ఇంకో అనుమానం వచ్చినట్టుంది. ఆ వరసని కాగితం మీద అచ్చువేసింది కాల్డ్‌వెల్లే కదా, ఆయన ఒక నకలు దాచుకుంటే? సరిగ్గా పట్టుకున్నావురా! మధ్యవాడిని నమ్మక్కర్లేని డబ్బు కావాలనే బిట్‌కాయిన్ పుట్టింది. దాన్ని బిళ్ళలో పెట్టగానే మధ్యవాడు తిరిగి వచ్చి కూర్చున్నాడు. తాళంచెవులన్నీ చెరిపేశానని కాల్డ్‌వెల్ మాటిచ్చాడు, కొన్నవాళ్ళు నమ్మారు. అయినా ఆయన అక్కడితో ఊరుకోలేదు. కొన్నవాడి సంకేతపదం కూడా కలిస్తే తప్ప తెరుచుకోని తాళంచెవి పద్ధతి ఒకటి తయారుచేయడంలో చెయ్యి వేశాడు. అందులో తయారీదారు ఒక్కడే ఆ డబ్బు తీయలేడు. ఎదటివాడు తనని నమ్మాల్సిన అవసరమే లేకుండా చేయాలని ఆలోచించిన మనిషిని నేను గౌరవిస్తాను.

2013 చివర్లో అమెరికా ప్రభుత్వపు ఆర్థిక నేరాల విభాగం నుంచి ఆయనకి ఉత్తరం వచ్చింది. నువ్వు చేస్తున్నది డబ్బు బట్వాడా వ్యాపారం, దానికి లైసెన్సులూ రిజిస్ట్రేషన్లూ ఉండాలి అని. ఆ నవంబరులోనే ఆయన డబ్బున్న బిళ్ళలు అమ్మడం ఆపేశాడు. అప్పటికి అన్నీ కలిపి 27 వేలు దాటాయి. ఇక కొత్తవి రావు, ఉన్నవాటిలో ఒక్కోటీ స్టిక్కరు ఊడి తగ్గుతూ వస్తున్నాయి. ఫిన్లండ్‌లో డెనారియం, లైట్‌కాయిన్ అనే ఇంకో డిజిటల్ డబ్బుకి లీలానా అంటూ వేరేవాళ్ళూ చేశారు గానీ, మొదటిదాని గౌరవం మొదటిదానిదే.

అందుకే ఒక బిళ్ళకి మూడు ధరలు. ఇత్తడి ధర కొద్ది రూపాయలు. లోపలి బిట్‌కాయిన్ ధర లక్షల్లో. ఇక విప్పని బిళ్ళ అన్నందుకు సేకరించేవాడు దాని మీద ఇంకొంత వేసి ఇస్తాడు. విప్పితే ఆ మూడోది పోతుంది, విప్పకపోతే రెండోది చేతికి రాదు. మన హైదరాబాదు హాలీ సిక్కా రూపాయలకీ ఇలాంటి కథే ఉంది. నిజాం కాలంలో చార్మినార్ బొమ్మతో వచ్చేవి. సుమారు ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దారు రూపాయలు, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయలు వచ్చేవి. 1950ల్లో వాటి చెలామణి పోయింది. ఇప్పుడు దాంతో కిలో ఉల్లిపాయలు రావు. కానీ పాత నాణేలు కొనేవాడి దగ్గరికి తీసుకెళ్ళండి, లేచి కూర్చుంటాడు. హాలీ రూపాయి వెనక రాజ్యం ఉండేది, రాజ్యం పోయాక వెండి మిగిలింది. బిట్‌కాయిన్ వెనక ఏముంది?

మీ బాబాయికీ నాకూ పండక్కి వచ్చినప్పుడల్లా వాదన ఇక్కడే. వాడేమంటాడంటే, నాన్నా, ఇది ఎప్పటికీ 2 కోట్ల 10 లక్షలకి మించదు, ఏ ప్రభుత్వమూ రాత్రికి రాత్రి అచ్చువేయలేదు. కొత్తగా పుట్టేది కూడా సుమారు నాలుగేళ్ళకోసారి సగమవుతుంది. మొదట పేజీ రాసినవాడికి పేజీకి 50 వచ్చేవి, 2024 ఏప్రిల్ నుంచి 3.125 మాత్రమే. బంగారాన్ని మాత్రం వండుకు తింటామా, అరుదని అందరూ ఒప్పుకున్నారు గనక విలువ వచ్చింది, ఇదీ అంతే అంటాడు. వాడి మాటలో బలం ఉంది, కాదనను. డబ్బన్నది ఎప్పుడూ మనుషుల మధ్య ఒప్పందమే.

నా మాట ఇది. డబ్బు పని కొలవడం కూడా. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దగ్గరున్నది ఏడాది తిరిగేసరికి 16 వేల దగ్గరికి పడింది. 2024 డిసెంబరులో లక్ష దాటింది. ఇంతలా పొంగి కుంగే దానితో బియ్యం కొట్టువాడు ధరలబోర్డు ఎలా రాస్తాడు? ఎల్ సాల్వడార్ దేశం 2021లో దీన్ని అధికారిక డబ్బు చేసింది. జనం రోజువారీ బేరాలకి పెద్దగా వాడలేదు, 2025లో తప్పనిసరిగా తీసుకోవాలన్న నిబంధన ఎత్తేసింది. ఇంకోటి, తాళంచెవి పోతే అంతే. మేనేజరుగారికి అర్జీ పెట్టుకోవడానికి అక్కడ మేనేజరు లేడు. పేజీలు రాసే హక్కు కోసం పోటీపడే యంత్రాలు మింగే కరెంటు ఒక చిన్న దేశం వాడే కరెంటంత. వీటికి బాబాయి దగ్గర కూడా గట్టి జవాబు లేదు. అందుకే నా తీర్పు ఒకటే. లెక్క రాసే పద్ధతిగా ఇది మనిషి బుర్ర చేసిన గొప్ప పని. ఇల్లు నడిపే డబ్బుగా మాత్రం ఇంకా నెగ్గలేదు.

మన దేశంలో దీన్ని డబ్బుగా గుర్తించలేదు, అలాగని నిషేధమూ లేదు. 2018లో రిజర్వు బ్యాంకు ఈ వ్యాపారాలకి బ్యాంకు సేవలు ఆపమంది, 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను. ఆ ఏడాది డిసెంబరు 1న రిజర్వు బ్యాంకు తన డిజిటల్ రూపాయిని మామూలు జనం కోసం ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. పేరులో డిజిటల్ ఉందని రెండూ ఒకటనుకోకండి. దాని వెనక రిజర్వు బ్యాంకు నిలబడి ఉంటుంది, విలువ ఎప్పుడూ రూపాయికి రూపాయే.

ఇక ఆన్‌లైన్లో కొద్ది వందలకి దొరికే ఆ మెరిసే బిట్‌కాయిన్ బిళ్ళల సంగతి. వాటిలో తాళంచెవి ఉండదు, చిరునామా ఉండదు, పూత పూసిన లోహం తప్ప ఏమీ ఉండదు. ముచ్చటపడి బల్ల మీద పెట్టుకుంటే తప్పేం లేదు. లోపల డబ్బుందని చెప్పి ఎవరైనా ఎక్కువ అడిగితే మాత్రం ముందు చిరునామా చూపించమనండి, ఖాతా పుస్తకం తెరిచి చూడండి. అందరికీ తెరిచే ఉంటుంది అది, చూడ్డానికి పైసా ఖర్చు లేదు.