గోదావరి వెంట పాత పగులు

యానాంలోని మెట్టకూరులో పునాది ఎంత లోతు తీసినా బండరాయి తగలదు. ఒండ్రు, ఇసుక, బంకమట్టి: అంతా గోదావరి తెచ్చి పోసిందే. యానాం ప్రాంతంలో భయమంటే తుపానూ వరదా. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానును చూసినవాళ్లు దాన్ని నేటికీ మరిచిపోలేదు. భూకంపం ఊసు మాత్రం ఇక్కడ తక్కువ. కానీ గోదావరి ఏ దారిన సముద్రానికి వస్తోందో చూస్తే ఆ ఊసూ ఎత్తక తప్పదు.

ప్రాణహిత కలిశాక నది ఆగ్నేయంగా తిరిగి భద్రాచలం వైపు సాగుతుంది. ఆ దారి చాలావరకు ఒక పురాతన పగులు లోయ వెంబడే. దక్షిణ ఖండాలన్నీ గోండ్వానాగా కలిసి ఉన్న కాలంలో ఇక్కడ నేల చీలి, మధ్యభాగం కుంగిపోయింది. ఆ పల్లంలో పూడిపోయిన అడవులే సింగరేణి బొగ్గు. కోట్ల ఏళ్లు గడిచినా ఆ లోయ అంచుల్లోని పగుళ్లు పూర్తిగా అతుక్కోలేదు. భారత ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ హిమాలయాల దగ్గర ఒత్తుకుంటోంది. ఆ ఒత్తిడి దక్కన్ దాకా పాకుతుంది, బలహీనంగా ఉన్నచోట నేల జారుతుంది.

1969 ఏప్రిల్ 13న అలాగే జారింది. భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన ఆ కుదుపు హైదరాబాద్‌కూ తెలిసింది. తర్వాత 55 ఏళ్లకు, 2024 డిసెంబరు 4 ఉదయం 7:27కి, ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో మరొకటి. అంకెల్లో తేడా 0.4 మాత్రమే, విడుదలైన శక్తిలో మాత్రం భద్రాచలం భూకంపం దాదాపు 4 రెట్లు పెద్దది.

2004 డిసెంబరు 26 నాటి సుమత్రా భూకంపం ముందు ఇవేవీ లెక్కలోకి రావు. అక్కడ సముద్రం అడుగున పగులు (ఫాల్ట్) అండమాన్ దాకా సుమారు 1,300 కిలోమీటర్లు చీలింది. తీవ్రత 9.1, శక్తి భద్రాచలం భూకంపానికి లక్ష రెట్లకు పైనే. దాని సునామీ ఆంధ్ర తీరాన్నీ తాకి ప్రాణాలు తీసింది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం 2007లో మొదలైంది ఆ విషాదం వల్లే.

మరి భద్రాచలానికి సుమారు 175 కిలోమీటర్ల దూరంలోని మెట్టకూరుకు భయం ఎందుకు? మట్టి వల్ల. గట్టి రాతిలో వేగంగా దాటిపోయే కంపనం మెత్తటి ఒండ్రులో నెమ్మదించి పెద్దదవుతుంది. నీరు నిండిన వదులు ఇసుకైతే గట్టిగా కుదిపినప్పుడు పట్టు తప్పి బురదలా జారుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంప కేంద్రానికి సుమారు 240 కిలోమీటర్ల అవతల అహ్మదాబాద్‌లో బహుళ అంతస్తుల భవనాలు కూలాయి. సబర్మతి ఒండ్రు మీద, కింది అంతస్తును పార్కింగుకు ఖాళీగా వదిలి కట్టినవి వాటిలో చాలా ఉన్నాయి. గోదావరి లోయలో అంత పెద్ద భూకంపం నమోదు కాలేదు, నిజమే. అయినా 2002 నాటి భూకంప పటం ఈ లోయను ఓ మోస్తరు ప్రమాదం ఉండే మూడో జోన్‌లో పెట్టింది.

యానాంలో ఇళ్లు ఇప్పుడు పైకి లేస్తున్నాయి. అంతస్తులు వేసే ముందు మట్టి పరీక్ష చేయించండి. పిల్లర్లలో రింగులు, ముఖ్యంగా పైనా కిందా, దగ్గరదగ్గరగా కట్టించండి. కింద పార్కింగు వదలాలనుకుంటే ఆ పిల్లర్ల బలం ఇంజనీరు చేత లెక్క కట్టించాకే పని మొదలుపెట్టండి.