ఇంటి వేడుకలకు వీడియో కెమెరా

ఒకనాటి రాత్రి మా అమ్మమ్మ వసారాలో కూర్చుండి కథ చెప్పుచుండగా వీడియో తీసితిమి. కెమెరా క్రొత్తది, హై డెఫినిషను గలది. కాని తరువాత చూడగా ఆమె ముఖము మసకగా నుండెను; మాటకంటె ఫంకా చప్పుడే బిగ్గరగా వినవచ్చెను. మరల తీయుదమన్నచో ఆమె నేడు లేదు.

పూర్తి హై డెఫినిషను బొమ్మలో అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. అనగా మొత్తము ఇరువది లక్షలకు పైమాటే. అయినను వెలుతురు చాలనిచో ఇన్ని చుక్కలును బొమ్మను తేటపరుపజాలవు. కటకము వెనుక వెలుతురును గ్రహించు చిన్న ఫలక మొకటి కలదు. దానిని సెన్సరందురు. సామాన్యముగా అది పెద్దదైనకొలది మసకవెలుతురులోను ముఖములు చక్కగా కానవచ్చును. మన యిండ్లలో వేడుకలు పెక్కు రాత్రివేళనే గదా!

జూము విషయమున మోసపోరాదు. ఆప్టికల్ జూములో కటకములే కదలి దూరపు వస్తువును పెద్దదిగా చూపును. డిజిటల్ జూము ఉన్న చుక్కలనే సాగదీయును. పెట్టెమీద దాని యంకె యెంత పెద్దదైనను లెక్కింప బనిలేదు.

వేరు మైకును తగిలించుటకు వీలున్న కెమెరా మేలు. మైకు మాటలాడువారి చెంతనున్న, ఫంకా చప్పుడు వెనుకబడును. చేతి వణకును సరిదిద్దు నేర్పాటును ఉండవలెను. ఫోనుతో తీయువారికిని ఈ పరీక్షలే చెల్లును.

కొనుటకు ముందు, దుకాణపు దీపముల క్రింద గాక, నీడగానున్న మూలలో మిత్రుని నిలిపి, నాలుగు మాటలు పలికించి తీసి చూడుడు. అవి స్పష్టముగా వినబడినచో ధర యడుగవచ్చును.