వార్తల్లో పదం: మైల్డ్
కాస్త దూరం నడవగానే కాళ్లు లాగుతాయి, తిమ్మిరెక్కుతాయి. కూర్చున్నా, ముందుకు వంగినా హాయి. పెద్దవాళ్లు చాలామంది దీన్ని మోకాళ్ల అరుగుదల అనుకుని ఏళ్లతరబడి ఓర్చుకుంటారు. అది చూస్తే బాధేస్తుంది. ఎందుకంటే కొందరిలో అసలు చిక్కు నడుము దగ్గర, నరాలు దిగే వెన్ను కాలువ ఇరుకవడంలో ఉంటుంది. అదే లంబార్ స్పైనల్ స్టెనోసిస్.

వయసుతో పాటు ఆ కాలువ వెనుక గోడను ఆనుకుని ఉండే లిగమెంటమ్ ఫ్లేవమ్ అనే పసుపు పట్టీ మందమై నరాలను నొక్కుతుంది. వంగితే అది సాగి పలచబడుతుంది. ఉపశమనం అందుకే. దీనికి చేసే ‘మైల్డ్’ అనే చికిత్సలో ఆ మందాన్నే తగ్గిస్తారు. నడుము దగ్గర మత్తు సూది ఇచ్చి, సుమారు 5 మిల్లీమీటర్ల గాటు గుండా, ఎక్స్‌రే తెరపై చూస్తూ కొద్దికొద్దిగా తీస్తారు. కుట్లు, స్క్రూలు ఉండవు. సాధారణంగా అదే రోజు ఇంటికి పంపిస్తారు.

అమెరికాలో 302 మందిపై జరిపిన పరీక్షలో, ఏడాది తర్వాత మైల్డ్ చేయించుకున్నవారిలో 58 శాతం మందికి మేలు కనిపించింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు తీసుకున్నవారిలో అది 27 శాతమే. అయితే ఎముక పెరిగి ఇరుకైనా, పూస బాగా జారినా ఇది చాలదు. ఎమ్మారై చూశాకే నిర్ణయం.

కాలు పట్టు తప్పినా, మలమూత్రాలు ఆపుకోలేకపోయినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.