గీతలు అక్షరములైన కథ

మదనపల్లె టమోటా మార్కెట్టులో వేలమునకు వచ్చిన క్రేట్లపై ఏ గీతలును కానరావు. కాయను కంటితో చూచి, చేత నొక్కి, ధర పలికెడి వ్యాపారమునకు వానితో పనిలేదు. ఆ టమోటాయే సాసుగా మారి సీసాలో కెక్కి అంగడి అరను చేరినంతనే దాని వీపుపై నల్లని నిలువుగీతల పట్టీ యొకటి ప్రత్యక్షమగును. నీరుగట్టువారిపల్లె మగ్గముపై నేసిన పట్టుచీర నేతగాని యింట నున్నంతకాలము అంచుచేతను రంగుచేతను గుర్తింపబడి, దూరపు నగరములోని దుకాణమునకు పోయిన పిమ్మట అట్టముక్కపై నున్న గీతలచేత గుర్తింపబడును. వస్తువు నెరిగిన మనుష్యుడు దానికి దూరమైన చోటనే బార్‌కోడు అవసరమగుచున్నది. ఈ గీతలను చదువు లేజరు యంత్రమును గూర్చి వ్రాసినవారు పెక్కురు. వానిని పుట్టించు సాధనమును గూర్చి, అనగా ఒక గుమాస్తా జాబులు వ్రాసికొను, లెక్కలు వేసికొను ప్రోగ్రాములలో నుండియే గీతలను ముద్రించుకొనుటకు తోడ్పడిన సాఫ్ట్‌వేరును గూర్చి వ్రాసినవారు అరుదు. బార్‌కోడు మహానగరములను దాటి చిన్న ఊళ్ల కార్యాలయములలో కుదురుకొనుటకు లేజరుకంటె ఈ చిన్న సాధనమే ముఖ్యకారణమని నా నిశ్చయము.

1948లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమందు ఒక ఆహారవస్తువుల దుకాణముల అధిపతి, సరకుల వివరములు లెక్కబల్లవద్ద తమంతట నమోదగు ఉపాయము కనిపెట్టుడని డ్రెక్సెల్ విద్యాసంస్థ డీనును అర్థించుచుండగా, ఆ మాట బెర్నార్డ్ సిల్వర్ అను విద్యార్థి చెవిని బడెను. అతడు దానిని తన మిత్రుడు నార్మన్ జోసెఫ్ ఉడ్‌లాండ్‌కు చెప్పెను. బాల్యమున స్కౌటుగా మోర్స్ సంకేతములు నేర్చిన ఉడ్‌లాండ్, మయామీ సముద్రతీరమున కూర్చుండి, చుక్కలను గీటులను ఇసుకపై వ్రేళ్లతో క్రిందికి లాగి చూడగా, అవి సన్నని గీతలు, లావు గీతలు అయ్యెను. 1952 అక్టోబరు 7న వారికి పేటెంటు లభించెను గాని, ఆ గీతలను చదువగల చౌకయైన లేజరును, కంప్యూటరును వచ్చువరకు ఇంచుమించు ఇరువది సంవత్సరములు ఆ ఊహ కాగితముమీదనే నిలిచిపోయెను. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రములోని ట్రాయ్ పట్టణమందలి మార్ష్ దుకాణములో 67 సెంట్ల రిగ్లీ చూయింగ్‌గమ్ పొట్లము స్కానరు ముందునుండి జరిగినది మొదలు వ్యాపారచరిత్రలో క్రొత్త అధ్యాయము ఆరంభమైనది.

అయినను నాటి గీతలను గీయుట సామాన్యులకు సాధ్యముగాని పని. గీతకును గీతకును నడుమ నుండవలసిన ఎడము వెండ్రుకవాసి తప్పినను యంత్రము చదువదు గనుక, ప్రత్యేక సంస్థలు ఛాయాచిత్రపు ఫిలిముపై మాతృకను సిద్ధపరచి ఇచ్చెడివి. ముద్రాపకులు దానిని తమ పెట్టె నమూనాలో అతికించుకొనెడివారు. లక్షల పొట్లములపై ఒకే సంఖ్యను అచ్చొత్తు కర్మాగారమునకు ఆ పద్ధతి చాలును. పుస్తకమునకొక సంఖ్య, చీరకొక సంఖ్య, రోగి రక్తపు సీసాకొక సంఖ్య కావలసినవారి కది నిరుపయోగము.

ఈ చిక్కును విడదీసిన పునాది కూడ 1974లోనే పడెను. ఇంటర్మెక్ సంస్థలో డేవిడ్ అల్లైస్, రే స్టీవెన్స్ అనువారు రూపొందించిన కోడ్ 39 అను పద్ధతిలో ప్రతి అక్షరమునకును ఐదు నల్లని గీతలు, వాని నడుమ నాలుగు తెల్లని ఖాళీలు, వెరసి తొమ్మిది భాగములుండును. అందు మూడు వెడల్పు, ఆరు సన్నము. ఆంగ్లపు ‘ఎ’ అక్షరమునే చూడుడు: మొదటి గీత లావు, చివరి గీత లావు, మూడవ ఖాళీ వెడల్పు, మిగిలినవన్నియు సన్నములు. ఏ అక్షరపు రూపమును తన పొరుగు అక్షరమును బట్టి మారదు. అట్లు స్వయంపూర్ణమైన రూపములను అచ్చుదిమ్మలవలె ఒకదాని ప్రక్క నొకటి పేర్చవచ్చునను సంగతిలోనే తరువాతి కథ యంతయు ఇమిడియున్నది.

1992లో విండోస్ 3.1తో ట్రూటైప్ ఫాంట్లు సామాన్యుల బల్లలపైకి వచ్చినవి. ఫాంటులో ‘ఎ’ మీటను నొక్కిన ‘ఎ’ ఆకారమే రావలెనను నియమము లేదు గదా! ఆ స్థానమున ఐదు గీతల బొమ్మ నుంచినచో, టైపు చేయుటయే బార్‌కోడు గీయుట యగును. ఎక్సెల్ పట్టికలో ఒక నిలువు వరుసయందు సంఖ్యలు వ్రాసి, ప్రక్క వరుసలో ప్రతి సంఖ్యకు ముందొకటి, వెనుకొకటి నక్షత్రపు గుర్తును తగిలించు సూత్రము నిలిపి, ఆ వరుసకు ఫాంటు మార్చినంత మాత్రమున వేయి గీతలపట్టీలు క్షణములో సిద్ధమగును. ఆ నక్షత్రములే ప్రారంభమును ముగింపును తెలుపు గుర్తులు. వర్డ్ ప్రోగ్రాములో కొన్ని అమరికలందు నక్షత్రముల నడుమనున్న మాటను బొద్దక్షరములుగా మార్చుమని అర్థముచేసికొని ఆ నక్షత్రములనే మ్రింగివేయుట కలదు. అట్టి పట్టీ కంటికి నిండుగానే యుండును గాని స్కానరు పలుకదు.

ఈ సౌలభ్యము నిజముగా అక్కరకు వచ్చినది గ్రంథాలయములందు. అనీబిసెంట్ 1915లో స్థాపించిన కళాశాల గల మదనపల్లెవంటి ఊరిలో, ఏ పాత గ్రంథాలయమునందైనను పుస్తకములకన్నిటికి ఆధారము చేతివ్రాత యాక్సెషన్ రిజిస్టరే. ఆ రిజిస్టరులోని సంఖ్యలను ఎక్సెల్‌లో ఎక్కించి, వర్డ్‌లోని మెయిల్ మెర్జ్‌తో వానిని జతపరచి, 65 స్టిక్కర్లు గల ఏ4 కాగితముపై ముద్రించి, పుస్తకపు లోపలి పుటపై అంటించుట ఒక గుమాస్తా, ఇద్దరు విద్యార్థులు కలిసి సాగించదగిన పని. మొదటి కాగితమును వట్టి తెల్లకాగితముపై అచ్చొత్తి, స్టిక్కరు కాగితముపై నుంచి వెలుతురున కెత్తి, గళ్లు కుదిరినవో లేదో చూచుకొని మరీ అసలు ముద్రణకు దిగువారి ఓర్పును నేను గౌరవింతును.

కోడ్ 39కు చోటెక్కువ కావలెను. తక్కువ చోటున ఇముడునట్లు 1981లో వచ్చిన కోడ్ 128కు వట్టి ఫాంటు చాలదు. దాని చివర తనిఖీ గుర్తొకటి లెక్కకట్టి చేర్చవలెను. ఎమ్, పి, ఎల్, 1 అను నాలుగు గుర్తులను తీసికొందము. ప్రారంభపు గుర్తు విలువ 104. ఎమ్ విలువ 45, పి 48, ఎల్ 44, ఒకటి యను అంకె విలువ 17. వానిని వరుసగా 1, 2, 3, 4 చేత గుణించి 104తో కూడినచో 445 వచ్చును. దానిని 103 చేత భాగింప మిగులునది 33, అనగా ‘ఎ’ అక్షరము. స్కానరు తానును ఇదే లెక్కవేసి, ఫలితము సరిపడనిచో ఆ పట్టీని నిరాకరించును. 1993 నుండి ఎక్సెల్‌లో చేరిన విజువల్ బేసిక్ మాక్రోలవలన ఈ గణితము గడి చాటున తనంతట జరిగిపోవుచున్నది. గణితశాస్త్రము ఇంత నిరాడంబరముగా మనుష్యుని సేవించు చోట్లు కొద్ది.

ముద్రణయందు మరియొక సూక్ష్మము కలదు. దుకాణములలో విరివిగా వాడు థర్మల్ ప్రింటరు మిల్లీమీటరునకు 8 చుక్కలు వేయును; చుక్క వెడల్పు 0.125 మి.మీ. సరకుల బార్‌కోడులో అతిసన్నని గీతకు ప్రమాణపు వెడల్పు 0.33 మి.మీ., అనగా రెండున్నర చుక్కలకు పైచిలుకు. చుక్కను ముక్కచేయుట ప్రింటరునకు చేతకాదు. రెండు చుక్కలు వేసిన గీత అనుమతించిన 80 శాతముకంటె సన్నగిల్లును; కావున మూడు చుక్కలే దిక్కు. ఈ లెక్క ఎరుగక ఫాంటు పరిమాణమును మౌసుతో ఇష్టము వచ్చినట్లు సాగదీసిన చోట కొన్ని గీతలు రెండు చుక్కలు, కొన్ని మూడు చుక్కలు అయి పట్టీ చెడును. మంచి సాఫ్ట్‌వేరు మొదట ప్రింటరు నడిగి, చుక్కలు లెక్కించుకొని, పిదప గీయును.

గీతలు గీయుట సులభమైనను సంఖ్య నిచ్చు అధికారము సాఫ్ట్‌వేరునకు లేదు. అంగడి సరకులపై 890తో మొదలగు సంఖ్యలను కేటాయించునది జీఎస్1 ఇండియా. ఆ మూడంకెలు కేటాయింపును మాత్రమే తెలుపును గాని, వస్తువు భారతదేశమున తయారైనదని చెప్పవు. ఇట్టి సంఖ్య అంగడి సరకునకే పరిమితము కాదు. పుంగనూరు పొట్టిజాతి ఆవునకైనను, మరి యే ఆవునకైనను చెవికి వేయు పసుపుపచ్చని ట్యాగుపై 12 అంకెల సంఖ్యయు, గీతలపట్టీయు ఉండును. 2019లో ఆరంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమమున టీకాల లెక్క ఆ సంఖ్యపైననే నిలిచియున్నది. ఆ సంఖ్యను ఎక్సెల్‌లో మామూలుగా కొట్టినచో 12 అంకెలును కనబడక కుదించిన ఘాతరూపము ప్రత్యక్షమగును. ముందు సున్న యున్న సంఖ్యలయందు ఆ సున్న మాయమగును. గడిని ముందుగా టెక్స్టుగా మార్చుకొనని కారణమున ఒక పశువు టీకా మరియొక పశువు ఖాతాలో పడునేని, నష్టపోవునది పాడిరైతు. అందుచేత ఈ చిన్న జాగ్రత్తను ప్రతి గుమాస్తాకును మొదటిపాఠముగా చెప్పవలెనని నా అభిప్రాయము.

నేడు ఫాంటు, మాక్రో రెండును లేకున్నను సాగును. వర్డ్ 2013 నుండి బార్‌కోడు గీయు ఫీల్డు ఆ ప్రోగ్రాములోనే చేరినది. లిబ్రే ఆఫీసులో ఆ సదుపాయము ఉచితముగా లభించుచున్నది. కాని నిలువుగీతల పద్ధతులలో తెలుగునకు చోటులేదు. కోడ్ 39 ఎరిగినవి 43 గుర్తులే. అందు ఆంగ్లపు పెద్దక్షరములు, అంకెలు, మరి ఏడు గుర్తులు తప్ప వేరు లేవు. 1997లో స్థాపితమై దక్షిణాది భాషలకు నిలయమైన కుప్పము ద్రావిడ విశ్వవిద్యాలయము వంటి చోట పుస్తకపు పేరు తెలుగున వ్రాయదలచినచో, దానిని గీతల పైన చదువరి కొరకు వేరుగా అచ్చొత్తవలసినదే. 1994లో జపానునందు డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందము రూపొందించిన క్యూఆర్ కోడు ఈ కొరతను తీర్చినది. యూనికోడులో ‘మదనపల్లె’ అను మాటకు ఎనిమిది సంకేతములు, ఒక్కొక్కదానికి మూడు బైట్ల చొప్పున మొత్తము 24 బైట్లు. అడ్డము 25, నిలువు 25 గళ్లు గల చిన్న చతురస్రములో అది సుఖముగా ఇముడును. అదే మెయిల్ మెర్జ్‌లో, అదే పట్టికనుండి, ఆ చతురస్రమును తెలుగు పేరుతో ముద్రించుట నేడు ఏ గ్రంథాలయ గుమాస్తాకైనను సాధ్యము.