వచ్చు ఏటి జట్టు

పట్టణములోని క్లబ్బునకు పదేండ్లపాటు ఒకే గోలీ ఉండవచ్చును, పోలీసు జట్టులోని బ్యాకు మోకాళ్లు సహకరించినన్నాళ్లు ఆడవచ్చును, కాని బి.ఏ., బి.కాం. చదువులు మూడేండ్లవి గనుక, పదునెనిమిది మందితో కూడిన కళాశాల ఫుట్‌బాలు జట్టునుండి ఏటేట ఆరుగురు చొప్పున వెడలిపోవుచునే యుందురు, ఆ ఆరుగురును మూడేండ్లు ఆడి ఆరితేరినవారే యగుదురు. కావున తమిళనాటి హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల కళాశాలలు వచ్చు ఏటి పోటీలలో ఎచ్చట నిలుచునో ఊహింపగోరువారు, నిరుడు గెలిచిన కప్పులను లెక్కించుటకంటె, ఈ ఏప్రిలులో ఎవరు పోవుచున్నారు, జూనులో ఎవరు రానున్నారు అని విచారించుట మేలు. పోవువారిని ఎవరును ఆపలేరు. రావలసినవారిని వెదకుట మాత్రము మన చేతిలోని పని. ఆ పనియే మన ప్రాంతమున అందరికంటె ఆలస్యముగా మొదలగుచున్నది.

2004లో ధర్మపురినుండి విడివడి ప్రత్యేక జిల్లాయైన కృష్ణగిరిలోని కళా, విజ్ఞాన కళాశాలలు 1997లో నెలకొన్న సేలము పెరియార్ విశ్వవిద్యాలయమునకు చేరినవి. బరుగూరులో 1994లో వెలసిన ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలయు, హోసూరులోని అదియమాన్ ఇంజనీరింగు కళాశాలయు చెన్నపట్టణపు అన్నా విశ్వవిద్యాలయపు పరిధిలోనివి. కళాశాలల మధ్య జరుగు పోటీలలో కంటబడినవాడు విశ్వవిద్యాలయపు జట్టునకు ఎన్నికగును. అటనుండి దక్షిణ మండల పోటీలు, ఆపై అఖిల భారత అంతర్విశ్వవిద్యాలయ పోటీలు. 2020లో భువనేశ్వరమున మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు ఈ మెట్లకు మరియొకటి చేర్చినవి. తమిళనాట 2023 నుండి జరుగుచున్న ముఖ్యమంత్రి కప్పు పోటీలలో కళాశాల విద్యార్థులకు ప్రత్యేకముగ ఒక విభాగమే కలదు. బేరికెలోనో వేపనపల్లిలోనో పుట్టిన పిల్లవాడు దేశము నలుమూలల ఆటగాండ్లతో తలపడుటకు కళాశాల జట్టును మించిన దగ్గరి దారి లేదు.

ఆ దారిలో ప్రవేశించు విధమెట్టిది? పన్నెండవ తరగతి పరీక్షలు మార్చిలో ముగియును, ఫలితములు మే మాసమున వచ్చును. ప్రభుత్వ కళాశాలలలో తక్కిన సీట్ల ఎంపికకు ముందుగనే క్రీడాకారులు మొదలగు ప్రత్యేక వర్గములవారిని పిలిచి, వారు తెచ్చిన సర్టిఫికెట్లను చూచి చేర్చుకొందురు. ఇంజనీరింగు ప్రవేశములలో క్రీడాకారులకై 500 సీట్లు వేరుగా ఉంచబడినవి. చదువు ముగిసిన పిమ్మట ప్రభుత్వోద్యోగములలో 3 శాతము క్రీడాకారుల వంతు. ఏర్పాటు మంచిదే, కాని సర్టిఫికెటు అనునది అదివరకే ఎవరో ఒకరు గుర్తించి, మండల పోటీలకు, జిల్లా పోటీలకు తీసికొనిపోయిన పిల్లవానికే దొరకును. డ్రిల్లు మాస్టరు లేని పాఠశాలలో చదివినవాడును, పోటీ జరిగిన దినమున బస్సు చార్జీకి డబ్బు లేక ఇంట నిలిచిపోయినవాడును ఎంత చక్కని ఆటగాడైనను ఎంపిక దినమున వట్టి చేతులతో నిలువవలసినదే. దీనికి తోడు, ప్రవేశముల కాలమే మన జిల్లాలో మామిడి కోతల కాలము. కృష్ణగిరి చుట్టుపట్ల తోటలలో కాయ కోయుటకు, బుట్టలకెత్తుటకు, మండీకి తోలుటకు ఇంటిల్లిపాదియు పోవు దినములవి. దరఖాస్తు గడువెప్పుడో తెలియని కుర్రవాడు కోత ముగిసి ఇల్లు చేరునప్పటికి కళాశాల తలుపు మూసియుండును.

అట్టివానిని చూడగోరువారు డిసెంబరులోనో జనవరిలోనో, సాయంకాలము బడి విడిచిన పిమ్మట, శూలగిరి, బాగలూరు, తళి ప్రాంతములలోని ఏ ఉన్నత పాఠశాల మైదానమునకైనను పోవలెను. మైదానమన్నది పేరు మాత్రమే, పచ్చిక ఉండదు. మొరము నేల, అందందు కంకర తేలియుండును. ఒక వైపు వెదురు గుంజలు గోలు స్తంభములు, మరియొక వైపు విడిచిన చెప్పులే గోలు. బూట్లు గలవారు ఇద్దరో ముగ్గురో, తక్కినవారందరు వట్టి కాళ్లతో పరుగెత్తుచుందురు. తెలుగున ఒకడు కేకవేయును, కన్నడమున ఒకడు బదులిచ్చును, తమిళమున ఇంకొకడు గోలు కాదని పోట్లాడును. ఆట మాత్రము సాగిపోవుచునే యుండును. అచ్చట బంతిని నలుగురి నడుమనుండి త్రిప్పి తీసికొనిపోవువానినే జనులు మెచ్చుకొందురు. నేర్పుగల పి.డి. (ఫిజికల్ డైరెక్టరు) సారు చూడవలసినవాడు వేరొకడు కలడు. బంతి తన కాలినుండి జారిపోయిన మరుక్షణమున నడుముపై చేతులు వేసికొని నిలుచువాడెవడు, వెనుదిరిగి తరుముకొనుచు పరుగెత్తువాడెవడు? పాసు ఇచ్చిన పిమ్మట ఉన్నచోటనే నిలిచిపోవువాడెవడు, మరల అందుకొనుటకు ఖాళీ చోటికి జరుగువాడెవడు? గురితప్పక కొట్టుటను రెండేండ్లలో నేర్పవచ్చును. ఓడిపోవుచున్న ఆటలో ఎనుబదవ నిమిషమున పరుగెత్తు స్వభావమును నేర్పుట కష్టము. దీనిని ఏ సర్టిఫికెటును చెప్పజాలదు.

పిల్లలను గుర్తించి తీర్చిదిద్దు ఈ విద్యలో మన తెలుగునేలకు గొప్ప వారసత్వము కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జట్టులో ఆడి, పిమ్మట పాఠశాల ఉపాధ్యాయుడై పిల్లల నడుమ జీవించిన సయ్యద్ అబ్దుల్ రహీము హైదరాబాదు నగర పోలీసు జట్టును తీర్చిదిద్దగా, అది 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పును గెలిచెను. ఆయన శిక్షణలోనే భారతదేశము 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణములు గెలిచి, 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానమున నిలిచెను. ఎడమకాలు బలహీనమైనవారిచే ఆ కాలితోనే ఆడించుట, బంతిని తమయొద్ద ఉంచుకొనక వెంటనే పాసు చేయవలెనను నియమముతో పోటీలు నడపుట ఆయన పద్ధతులు. ఇవి చేయించుటకు ధనమేమియు అక్కరలేదు, బూట్లు సైతము అక్కరలేదు. అందుచేతనే మన ప్రాంతపు కళాశాలలు ఆయననుండి మొట్టమొదట నేర్చుకొనవలసినవి ఇవియేయని నా దృఢాభిప్రాయము. హైదరాబాదులోనే పుట్టిన పీటర్ తంగరాజు మొదట ఫార్వర్డుగా ఆడి, పిమ్మట గోలీగా మారి, రెండు ఒలింపిక్సులలో భారత జట్టున ఆడెను. పిల్లవాడు నేడు ఆడుచున్న స్థానమునుబట్టి వానిని కొలువరాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

పిల్లలను వెదకు పద్ధతికి అమెరికాను గూడ చూడవచ్చును. అచ్చట కళాశాల ఫుట్‌బాలన్న మనది కాదు, కోడిగ్రుడ్డు ఆకారపు బంతితో ఆడు వేరొక ఆట. అచ్చటి శిక్షకులు బాలుడు ఉన్నత పాఠశాలలో ఉండగనే వాని ఊరికి పోయి, తలిదండ్రులతో కూర్చుండి మాటలాడి, ఉపకార వేతనము నిశ్చయించి, 2017 నుండి డిసెంబరు మాసముననే ఒప్పందముపై చేవ్రాలు చేయించుచున్నారు. ఆ ఆటయొక్క ధనాడంబరము మనకు తగదు. అయినను, ముందుగా పోవుట, ఇంటివారితో మాటలాడుట అను రెండును మనకు తగినవే.

ఇంటివారితో మాటలాడుట అంటిని. అసలు చిక్కంతయు అచ్చటనే యున్నది. హోసూరునుండి బెంగుళూరు నలుబది కిలోమీటర్లు. ఆట బాగుగా వచ్చిన పిల్లవానిని అచ్చటి క్లబ్బులును కళాశాలలును ఆకర్షించును. ఆట అంతగా రానివానిని హోసూరు కర్మాగారములే ఆకర్షించును. ఒక్కసారి జీతము రుచి చూచిన పందొమ్మిదేండ్ల కుర్రవానిని మరల తరగతి గదికి తెచ్చుట మిక్కిలి కష్టము, ఇల్లు గడుపుటకు ఆ జీతమే ఆధారమైన తల్లిని తప్పుపట్టుట అన్యాయము. కావున కళాశాల ఆ తల్లికి చెప్పవలసినది కప్పుల మాట కాదు: హాస్టలులో చోటు ఉన్నదా, రెండు పూటల కడుపునిండ తిండి పెట్టుదురా, సాయంకాలపు ఆట ముగిసిన పిమ్మట పాఠము వెనుకబడకుండ ఎవరైన చూతురా, డిగ్రీ చేతికి వచ్చునా? ఆ మాటలు ఆమె ఇంటిలో, ఆమె భాషలో చెప్పవలెను. తెలుగిండ్లకు తెలుగు మాటలాడు అధ్యాపకుని వెంటబెట్టుకొని పోవుట చిన్న సంగతిగా కనబడవచ్చును. మా సరిహద్దు గ్రామములలో అది చిన్నది కాదు.

బాలికల సంగతి వేరుగా చెప్పవలెను. తమిళనాడు మహిళల జట్టు 2018లోను మరల 2023లోను జాతీయ ఛాంపియనుగా నిలిచినది; మదురై ప్రాంతపు సేతు క్లబ్బు 2019లో భారత మహిళల లీగును గెలిచినది. కృష్ణగిరిలో స్త్రీలకు ప్రత్యేకముగ ప్రభుత్వ కళాశాల కలదు. బాలుర పోటీలలో పెద్ద పట్టణముల కళాశాలలను దాటిపోవుటకు మనకు ఏండ్లు పట్టవచ్చును. బాలికల పోటీలలో జట్లే తక్కువ గనుక, శ్రద్ధతో రెండేండ్లు పనిచేసిన కళాశాల త్వరలోనే ముందువరుసకు రాగలదు. అట్లయ్యును ఆ వైపు చూచువారు అరుదుగా నుండుట నాకు మిక్కిలి విచారము కలిగించుచున్నది.

వచ్చు ఏటి ఆశ ఎంత? ఉన్నది ఉన్నట్లు చెప్పవలెనన్న, జూనులో వచ్చినవారితోనే సరిపెట్టుకొను కళాశాల తొలి రెండు పోటీలు దాటుట కష్టము. ఆ జట్టువారు ఒకరినొకరు ఎరుగునప్పటికే పోటీల కాలము గడచిపోవును. డిసెంబరునుండి పది పాఠశాలలు తిరిగి, నలుగురైదుగురు బాలురను ముందే ఎరిగి, వారి తలిదండ్రులకు మాట ఇచ్చి, జూను మొదటి వారముననే మైదానమున దింపిన కళాశాల మాత్రము తన విశ్వవిద్యాలయపు జట్టునకు ఇద్దరినైనను పంపగలదు. చల్లని హోసూరు పీఠభూమిలో అలవాటుపడినవారు దిగువనున్న కృష్ణగిరి ఎండలో రెండవ అర్ధభాగమున అలసిపోకుండునట్లు, రెండు ఊళ్ల కళాశాలలు జూలైనుండి పరస్పరము స్నేహపు ఆటలు ఆడుకొనవలెను. ఇందుకు కావలసినది పి.డి. సారునకు నెలకు నాలుగు దినముల సెలవు, దారి ఖర్చులు. ప్రిన్సిపాళ్లు దీనిని కాదనరాదు.

తలిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డ మండల పోటీలోనో జిల్లా పోటీలోనో ఆడియున్నచో, పాఠశాలనుండి సర్టిఫికెటును సంతకముతో, ముద్రతో నేడే తీసికొని భద్రపరచుడు. మామిడి కోత ఎంత ముమ్మరముగా నున్నను, ఫలితములు వచ్చిన వారములోనే దగ్గరి కళాశాలకు పోయి, క్రీడాకారుల ఎంపిక ఏ దినమున జరుగునో అడిగి తెలిసికొనుడు.